నోరు పెగలని ప్రశ్నలు

రండర్రా, ఇలా మంట దగ్గరికి జరగండి. ఒరేయ్ నాన్నా, ఆ కొబ్బరి మట్ట కాస్త లోపలికి ఎగదొయ్యి. తెల్లారితే భోగి కదా అని ఈ చలిమంటని అప్పుడే ఆర్పేయకండి. ఇవాళ నేను చెప్పాల్సిన ముచ్చట కాస్త పెద్దదే.

మధ్యాహ్నం నుంచీ చూస్తున్నాను, మన పెద్ద మనవరాలు సరిగ్గా అన్నం కూడా తినలేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. యూనివర్సిటీలో దాని పరిశోధన చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న పల్లెటూరి ఆడవాళ్ళ మీదట. పండగ వెళ్ళగానే ఊళ్ళ మీదికి వెళ్ళి వాళ్ళతో మాట్లాడాలి. “ఎలా అడగను అమ్మమ్మా? ముట్టు సంగతి, తెల్లబట్ట సంగతి, మొగుడితో ఉండే సంగతి... తల్లి వయసున్న వాళ్ళ ముందు కూర్చుని ఇవన్నీ అడగాలంటే నాకు నోరు పెగలడం లేదు. వేరే అంశం ఇమ్మని సార్‌ని అడిగేస్తాను” అంది. అమ్మడూ, ఈ ముచ్చట నీ కోసమే. మిగతావాళ్ళూ వినండి, మీకూ పనికొస్తుంది.

నేను వాల్తేరులో సోషియాలజీ చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకునేదాన్నని మీకు తెలుసు. మధ్యలో కొన్నాళ్ళు పాఠాలు పక్కనపెట్టి సర్వే పనికి వెళ్ళానని మాత్రం మీలో చాలామందికి తెలీదు. మీ తాతగారు బతికున్నప్పుడు కూడా ఇంట్లో దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. అది ఎయిడ్స్ సర్వే. 1990ల నడిమి మాట. మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే హైవేని అప్పుడు ఐదో నంబరు రోడ్డు అనేవాళ్ళం. దాని పక్కన దాబాల దగ్గరా, లారీలు ఆగే చోటల్లా కూర్చుని, ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళని, లారీ డ్రైవర్లని, క్లీనర్లని ప్రశ్నలడగాలి. ఎవరితో, ఎన్నిసార్లు, నిరోధ్ వాడతారా, వాడకపోతే ఎందుకు వాడరు అని. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టి, మగవాళ్ళ ముందు తలెత్తి నవ్వడం కూడా తప్పని నేర్చుకుని పెరిగిన దాన్ని నేను.

అయితే నా సంగతి కంటే ముందు ఇంకో ఆవిడ సంగతి చెప్పాలి. అప్పట్లో నాకు ఆవిడ పేరు తెలీదు. తెలిసుంటే ఎంత ధైర్యంగా ఉండేదో!

ఆవిడ పేరు సెల్లప్పన్ నిర్మల. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పై చదువు చదువుతున్న డాక్టరు. అది 1985 చివర. అమెరికాలో ఎయిడ్స్ సంగతి మొదట బయటపడింది 1981 జూన్‌లో. 1983లో ప్యారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దాని వైరస్‌ని పట్టుకున్నారు. మన దేశంలో మాత్రం అందరిదీ ఒకటే నమ్మకం. అది విచ్చలవిడిగా తిరిగే తెల్లవాళ్ళ జబ్బు, మన సంసారుల దేశానికి రాదు అని. నిర్మలకి చదువు చెప్పే ప్రొఫెసరు సునీతి సోలమన్ అలా అనుకోలేదు. వెతకకుండా లేదని ఎలా చెబుతాం అని, మద్రాసులో ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళ రక్తం తీసి పరీక్ష చేయించమని, దాన్నే సిద్ధాంత గ్రంథంగా రాయమని నిర్మలకి చెప్పారు.

నిర్మలది చిన్న ఊరు, సంప్రదాయపు కుటుంబం. ముప్ఫై రెండేళ్ళ వయసు, ఇద్దరు చిన్నపిల్లలు. నా వల్ల కాదని ముందు చెప్పేసిందట. పట్టుబట్టి ఒప్పించింది భర్త రామమూర్తి. బొంబాయిలోలా మద్రాసులో ఆ ఆడవాళ్ళందరూ ఒకచోట ఉండే పేట లేదు. వాళ్ళని వెతుక్కుంటూ నిర్మల ముందు సుఖరోగాలకి మందు కోసం పెద్దాసుపత్రికి వచ్చే ఆడవాళ్ళతో స్నేహం చేసుకుంది. పోలీసులు పట్టుకున్న వాళ్ళని ఉంచే విజిలెన్స్ హోమ్ ఉందని వాళ్ళ ద్వారానే తెలిసింది. ఇక రోజూ అక్కడికి వెళ్ళి రక్తం తీసేది. బస్సు ఖర్చు కలిసొస్తుందని భర్తే స్కూటరు మీద దింపేవాడు. చేతికి తొడుక్కోవడానికి తొడుగులు కూడా లేవు. ఆ రక్తం నుంచి సీరం వేరుచేసి, దాచడానికి వేరే చోటు లేక ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుంది. పిల్లలకి పాలు, పెరుగు పెట్టే ఫ్రిజ్‌లో! ఆ తల్లి మనసులో ఎంత బెంగ ఉండి ఉంటుందో ఆలోచించండి.

అలా ఎనభై పైచిలుకు నమూనాలు పోగయ్యాయి. ఎలైజా పరీక్ష మద్రాసులో లేదు. 1986 ఫిబ్రవరిలో ఐసుపెట్టెలో పెట్టుకుని భార్యాభర్తలిద్దరూ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్ళారు. అక్కడ వైరాలజీ విభాగం పెద్ద డాక్టర్ జాకబ్ జాన్. పరీక్ష మధ్యలో కరెంటు పోయిందట. టీ తాగి వచ్చి మూత తీసి చూస్తే ఆరు నమూనాలు పసుపురంగుకి తిరిగి ఉన్నాయి. ఆ రంగు అంటే జబ్బు ఉన్నట్టు. మళ్ళీ రక్తం తీసి, అమెరికాలో కూడా పరీక్ష చేయించి నిర్ధారణ చేసుకున్నారు. ఆ మే నెలలో తమిళనాడు ఆరోగ్యమంత్రి హండే శాసనసభలో ప్రకటించారు. ఊరంతా గగ్గోలు. నమ్మనివాళ్ళు కొందరు, తిట్టినవాళ్ళు కొందరు. సునీతి పుట్టింటివాళ్ళు మరాఠీలు కావడంతో, ఉత్తరాదివాళ్ళు వచ్చి మనకి మచ్చ తెస్తున్నారన్నవాళ్ళు కూడా ఉన్నారు.

1987లో నిర్మల తన గ్రంథం ఇచ్చేసి, పరీక్ష పాసై, కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో టీకాల పనిలో చేరిపోయింది. దేశంలో ఎయిడ్స్‌ని కనిపెట్టిన మనిషి ఆవిడ. ముప్ఫై ఏళ్ళు దాటాక గానీ ఆవిడ పేరు పదిమందికీ తెలియలేదు. సునీతి 1993లో రోగుల కోసం సొంతంగా కేంద్రం పెట్టి, 2015లో పోయేదాకా వాళ్ళనే అంటిపెట్టుకుని ఉన్నారు.

ఇందులో ఇంకో ముడి ఉంది. అది కూడా దాచకూడదు. నిర్మల ఆ ఆడవాళ్ళకి రక్తం దేనికి తీస్తున్నదీ చెప్పలేదు. ఏదో సుఖరోగాల పరీక్ష అనుకున్నారు వాళ్ళు. ఈ సంగతి ఆవిడే తర్వాత చెప్పింది. ఆ రోజుల్లో అలా చెప్పాలన్న నియమం ఎవరికీ పట్టలేదు. కానీ ఫలితం వచ్చాక జబ్బు పేరు వాళ్ళ మెడకి చుట్టుకుంది. మద్రాసులో జబ్బున్నట్టు తేలిన ఆడవాళ్ళని శిక్ష పూర్తయినా బయటికి వదల్లేదు. 1990లో హైకోర్టు దాకా వెళితే గానీ వాళ్ళకి విడుదల రాలేదు. గోవాలో ఇంకో ఘోరం. 1989లో డొమినిక్ డిసౌజా అనే కుర్రవాడు. పుణ్యానికి రక్తదానం చేసేవాడు. ఆ రక్తంలో వైరస్ ఉందని తేలగానే పోలీసులొచ్చి పట్టుకెళ్ళి, పాత క్షయరోగుల ఆసుపత్రిలో 64 రోజులు ఒంటరిగా పెట్టేశారు. ఏ తప్పూ చేయని మనిషి! జబ్బుని వెతకడం ఒక ఎత్తు. వెతికాక ఆ మనిషికి ఏమవుతుందో చూసుకోవడం ఇంకో ఎత్తు.

ఇప్పుడు నా సంగతి.

మొదటి మనిషితో మాట్లాడిన రోజు నాకు బాగా గుర్తు. దాబా వెనకాల వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుంది. నాకంటే పెద్దది. నేను కాగితాల కట్ట మొహానికి అడ్డం పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు గబగబా చదువుతున్నాను. మూడో ప్రశ్నకో నాలుగో ప్రశ్నకో ఆవిడ చెయ్యి చాపి ఆ కాగితాలు కిందికి దించింది. “కాయితం వంక కాదమ్మగోరూ, నా వంక చూసి అడగండి. అడగటానికే మీకింత సిగ్గయితే, చెప్పే నాకెంత ఉండాలి?” అంది.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. అప్పటిదాకా నా సిగ్గు నా సొంత గొడవ అనుకున్నాను. నా మర్యాద, నా పెంపకం, నా పడరాని పాట్లు. అది నా దగ్గర ఆగడం లేదు. నేను తల దించుకుంటే ఆవిడ తప్పుచేసినదవుతోంది. నేను మాట మింగితే ఆవిడ బతుకు మాటల్లో పెట్టడానికి కూడా పనికిరానిదవుతోంది. ఊళ్ళోవాళ్ళు రోజూ ఆవిడకి చేసేదే, చదువుకున్న నేను కాగితాలు పట్టుకొచ్చి మళ్ళీ చేస్తున్నాను. ఆ రోజు నుంచి ప్రశ్నలు కంఠస్థం చేసుకున్నాను. కాగితం ఒళ్ళో పెట్టుకుని, మనిషిని చూసి అడగడం మొదలుపెట్టాను.

అలాగని బెరుకు పోయిందనుకోకండి. రూపం మారింది అంతే. ఒకావిడ స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. తాకితే రాదు, కలిసి తింటే రాదు, తాగితే రాదు అని అప్పటికే అందరికీ చెబుతూ తిరుగుతున్నాను. తెలిసిన విషయం తలలో ఉంది, చెయ్యి మాత్రం వణికింది. తాగేశాను. ఆవిడ కళ్ళు నా చేతివైపే ఉన్నాయి. ఇలాంటి పనిలో మనం వాళ్ళని పరిశీలిస్తున్నాం అనుకుంటాం గానీ, వాళ్ళు మనల్ని అంతకంటే నిశితంగా పరిశీలిస్తారు. తర్వాత చెప్పింది ఆవిడే. అంతకుముందు వచ్చిన వాళ్ళెవరూ తన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదట.

మగవాళ్ళతో మాటలు ఇంకో రకం కష్టం. కొందరు డ్రైవర్లు చెల్లెల్ని చూసినట్టు చూసి, ఉన్నదున్నట్టు చెప్పేవారు. వారాల తరబడి ఇంటికి దూరంగా ఉండటం, నిద్ర లేకపోవడం, తాగుడు, అన్నీ చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళున్నారు. కొందరు మాత్రం ప్రశ్నని నా మీదికే తిప్పేవారు, వెకిలి నవ్వు నవ్వేవారు. ఆ సాయంత్రాలు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది. తర్వాత మా బృందంలో మాట్లాడుకుని, మగవాళ్ళ దగ్గరికి మగవాళ్ళే వెళ్ళేట్టు ఏర్పాటు చేసుకున్నాం. భరించడమే గొప్పతనం అనుకుని ఊరుకోకూడదమ్మడూ. పని జరగాలంటే మన ఒంటికీ మనసుకీ రక్షణ ఉండాలి. ఆ రక్షణ నోరు తెరిచి అడిగి తీసుకోవాలి.

ఇంట్లో సంగతి చెప్పనా? మా అత్తగారు పాతకాలం మనిషి. సర్వే నుంచి రాగానే పెరట్లో స్నానం చేసి, చీర తడిపి గానీ వంటింట్లో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఆవిడ భయం ఆవిడది. చుట్టాలు మీ తాతగారిని పక్కకి పిలిచి, ఆడపిల్ల ఉన్న ఇల్లు, మీ ఆవిడ ఇలాంటి చోట్ల తిరిగితే రేపు సంబంధాలు వస్తాయా అని అడిగేవారు. ఏ పనిమీద వెళ్ళావు అని బస్సులో ఎవరైనా అడిగితే ‘ఆరోగ్య సర్వే’ అని ఊరుకునేదాన్ని. ముట్టుకోకూడదన్న వాళ్ళతో మసిలిన మనిషికి కూడా ఆ మైల అంటించేస్తారు. మీ తాతగారు ఎక్కువ మాట్లాడేవారు కాదు. రాత్రి ఆలస్యమైతే బస్టాండుకి వచ్చి నిలబడేవారు. ఆ నిలబడటమే నాకు కొండంత బలం.

అన్నిటికంటే బరువైనది ఒకటుంది. ఒకసారి ఒకావిడ మాటల మధ్యలో, తన దగ్గరికి వచ్చే మనిషి ఒకడి ఊరు, వృత్తి చెప్పింది. పేరు చెప్పక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది. ఆ మనిషి భార్య నాకు బాగా కావలసినది. అప్పుడు నెల తప్పి ఉంది. పెన్ను ఆగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. చెప్తే, నన్ను నమ్మి చెప్పిన మనిషికి ద్రోహం. చెప్పకపోతే, నా వాళ్ళకి ద్రోహం. ఆ మనిషికి జబ్బుందో లేదో కూడా తెలీదు.

నేను చెప్పలేదు. మరునాడు మా బృందంలోని డాక్టరు దగ్గరికి వెళ్ళి, పేరూ ఊరూ లేకుండా, ఇలాంటి ముడి వస్తే ఏం చెయ్యాలి అని అడిగాను. ఆయన దాన్ని నా ఒక్కదాని బెంగగా వదిలేయలేదు. ఆ చుట్టుపక్కల పరీక్ష చేసే చోటు ఎక్కడుందో, ఎవరిని కలవాలో చెప్పే కాగితం ఊరూరా ఇంటింటికీ పంచేట్టు చేశాం. ఫలానా ఇల్లని వేలెత్తి చూపకుండా అన్ని ఇళ్ళకీ వెళ్ళాం. ఆ ఇంటికి కూడా వెళ్ళాం. మనం ఒక్కరి రహస్యం విప్పకూడదు. కానీ ఆ రహస్యం వెనకున్న ప్రమాదాన్ని అందరికీ చెప్పవచ్చు, చెప్పి తీరాలి. ఆ పేరు ఇవాళ్టిదాకా నా నోట రాలేదు. నాతోపాటే కాటికి పోతుంది.

ఇంకో మాట ప్రతిచోటా వినపడేది. “మీరు రాసుకుపోతారు. మీకు ఉద్యోగాలొస్తాయి. మాకేం వస్తది?” అని. దీనికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. జవాబు కలకత్తా నుంచి దొరికింది. 1992లో అక్కడి సోనాగాచికి, ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళుండే పేటకి, డాక్టర్ స్మరజిత్ జానా సర్వేకి వెళ్ళి, పని మొత్తం తలకిందులు చేశారు. బయటి చదువుకున్నవాళ్ళు వెళ్ళి చెప్పడం కాకుండా, అక్కడి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, వాళ్ళే తోటివాళ్ళకి చెప్పేట్టు, వాళ్ళే లెక్కలు అడిగేట్టు చేశారు. 1995కల్లా వాళ్ళే దుర్బార్ అని సొంత సంఘం కట్టుకున్నారు. ఆ దారి తర్వాత దేశమంతా పట్టింది, మన దగ్గర కూడా. వేపచెట్టు కింద నా కాగితాలు దించిన ఆవిడే కొన్నాళ్ళకి చేతిసంచీ తగిలించుకుని తోటివాళ్ళ దగ్గరికి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. నేను వెయ్యి ప్రశ్నలడిగినా రాని నిజం ఆవిడ ఒక్క మాటకి వచ్చేది.

ఊరు నోరు విప్పడం కూడా నేను చూశాను. డాక్టర్ సమరం విజయవాడ నుంచి ‘స్వాతి’ పత్రికలో పడకటింటి సందేహాలకి జవాబులు రాస్తుంటే, మొగుడూ పెళ్ళాలు ఒకరికి తెలీకుండా ఒకరు చదివిన రోజులవి. తర్వాత రోడ్లమీద పులిరాజా బోర్డులు వచ్చాయి. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని ఊరూరా అదే ప్రశ్న. ఎవరీ పులిరాజా అని టీకొట్ల దగ్గర, బస్సుల్లో, కాలేజీల్లో ఒకటే చర్చ. ఆ మాట అందరి నోళ్ళలో నానడమే పెద్ద మేలు చేసింది. నేను బస్సులో దాచుకున్న మాట ఆ రోజుల్లో కండక్టరు గట్టిగా అనేవాడు.

నోరు విప్పి అడిగితే ఏం జరుగుతుందో చూడండి. అప్పట్లో దేశంలో ఎక్కువ జబ్బున్న ఆరు రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మరి నిజంగా ఎంతమందికి ఉంది? చాలాకాలం ఆసుపత్రికొచ్చే గర్భిణుల రక్తం, సుఖరోగుల రక్తం చూసి అంచనా కట్టేవారు. గుంటూరు జిల్లాలో పరిశోధకులు ఇంటింటికీ వెళ్ళి, పన్నెండు వేల మందికి పైగా మనుషుల్ని ఒప్పించి, రక్తం తీసి పరీక్షించారు. 2006లో లెక్క బయటికొచ్చింది. పాత పద్ధతిలో వేసిన అంచనాలో సగం కూడా లేదు. అదే కాలంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు మూడోసారి దేశమంతా తిరిగినప్పుడు రక్తపరీక్షలు కూడా చేశారు. మన రాష్ట్రంలో పెద్దవాళ్ళలో నూటికి 0.97 మందికి ఉన్నట్టు తేలింది. దేశం మొత్తం మీద యాభై లక్షలకి పైనే అనుకున్నది, 2007లో పాతిక లక్షలకి దిగింది. అలాగని తక్కువ మంది కాదు. కానీ మందు ఎందరికి కావాలో, ఏ జిల్లాకి ఎంత పంపాలో తెలియాలంటే నిజం లెక్క కావాలి. 2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా మందులివ్వడం మొదలైంది. ఆ మందులు వేసుకుని ఇవాళ్టికీ నిక్షేపంగా బతుకుతున్న వాళ్ళు నాకు తెలుసు.

చట్టం కూడా వచ్చింది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు నుంచి అమలు చేశారు. మనిషికి విడమరిచి చెప్పి, ఒప్పుకుంటేనే పరీక్ష చెయ్యాలి. ఫలితం బయటపెట్టకూడదు. జబ్బుందని ఉద్యోగం తియ్యకూడదు, వైద్యం ఎగ్గొట్టకూడదు. ఆ విజిలెన్స్ హోమ్ ఆడవాళ్ళకీ, ఆ గోవా కుర్రవాడికీ జరిగింది ఇంకెవరికీ జరగకూడదనే ఇదంతా.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తాను అమ్మడూ. నువ్వే నాకు చూపించావు కదా ఆ లెక్క. 2015–16 సర్వేలో పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. మన దగ్గర ఎందుకంత? డాక్టరు భయపెట్టాడా? కూలికి ఇబ్బందని వాళ్ళే అడిగారా? తెల్లబట్టకి మందుతో పోయేదాన్ని కత్తితో తీసేశారా? తీశాక ఆ ఒళ్ళెలా ఉంది, ఆ కాపురమెలా ఉంది? అంకెలు ఇవి చెప్పవు. చెప్పగలిగింది ఆ ఆడవాళ్ళే. వాళ్ళని అడగాలంటే, నీకు నోరు పెగలని ఆ మూడు నాలుగు మాటలు నువ్వు పలకాలి.

నీకు బెరుకుగా ఉండటం చెడ్డది కాదు. అసలు బెరుకే లేనివాళ్ళని నేను నమ్మను. వాళ్ళు ఎదుటి మనిషిని మనిషిగా చూడటం మానేసి ఉంటారు. బెరుకు ఉండాలి, కానీ దాని బరువు నువ్వు మొయ్యాలి, వాళ్ళమీద పెట్టకూడదు. ముందు నీ స్నేహితురాలి ఎదుట కూర్చుని ఆ ప్రశ్నలన్నీ పైకి పలుకు, నాలుక తిరిగేదాకా. ఊళ్ళో వాళ్ళు వాడే మాటలే వాడు. ముందుగా ఎందుకు అడుగుతున్నావో, ఎవరు చదువుతారో చెప్పు. ఇష్టం లేకపోతే చెప్పొద్దని, మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చని కూడా చెప్పు. పేర్లు పుస్తకంలో రాయకు. నీకు కలిగిన కోపం, అసహ్యం, జాలి, భయం అన్నీ వేరే పుస్తకంలో రాసుకో. రాసుకోకపోతే అవి తెలీకుండా అసలు పుస్తకంలోకి దూరతాయి, వాళ్ళు చెప్పిన దాని రంగు మార్చేస్తాయి. సాయంత్రం నీతో పనిచేసే వాళ్ళతో కూర్చుని, పేర్లు చెప్పకుండా బరువు దించుకో. పని పూర్తయ్యాక మళ్ళీ ఆ ఊళ్ళకి వెళ్ళి, ఏం తేలిందో వాళ్ళకే ముందు చెప్పు. అది వాళ్ళకి మనం తీర్చాల్సిన బాకీ.

చివరిగా మిగతా అందరికీ ఒక మాట. ఇలాంటి పని చేసే పిల్ల ఇంట్లో ఉంటే, ఆ పని గురించి గుసగుసలు పోకండి. సంబంధాలు రావని బెదిరించకండి. నిర్మల వెనక స్కూటరు నడిపిన మనిషి ఉన్నాడు, నాకు బస్టాండులో నిలబడిన మనిషి ఉన్నాడు. దీనికి మీరు ఉండండి. పొద్దున పంపించండి, రాత్రి ఇంటికొచ్చాక అన్నం పెట్టి, అది చెప్పగలిగినంత వినండి, చెప్పలేనిది అడగకండి. సిగ్గుపడి ఎవరూ అడగకపోవడం వల్ల మన ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళు ఇప్పటికే చాలా పోగొట్టుకున్నారు. ఇకనైనా అడిగేవాళ్ళని అడగనివ్వండి.